పెదజాలరిపేట చదువుల గదిలో లైనక్స్: పని డైరీ

ఏ మెషీన్లు, ఎందుకు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు 8వ తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. దాంతో విశాఖలో ఎన్నో ఇళ్లల్లో, ఆఫీసుల్లో శుభ్రంగా పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌లు అటక ఎక్కాయి. అలాంటివి కొన్ని పెదజాలరిపేటలో పిల్లలు సాయంత్రం పూట చదువుకునే గదికి వచ్చాయి. ఆ గది నడిపేది రిటైరైన లెక్కల మాస్టారు. కంప్యూటర్ల సంగతి చూడమని నన్ను పిలిచారు. నేను గాజువాకలో చిన్న ఆఫీసుల సిస్టమ్‌లు చూసుకుంటాను, సెలవు రోజుల్లో ఇక్కడికి వస్తాను.

ఉన్నవి ఇవి. నల్ల ల్యాప్‌టాప్: 4వ తరం ఐ3, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్. వెండి రంగుది: 6వ తరం ఐ5. ఎర్ర మూతది: పెంటియం, బ్రాడ్‌కామ్ వైఫై. మూత నిండా స్టిక్కర్లు అంటించినది: రియల్‌టెక్ వైఫై, పక్కనే ఫోన్ పెట్టినా సిగ్నల్ ఒక్క గీత. చివరిది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఒక విండోస్ ట్యాబ్లెట్: ఇంటెల్ ఆటమ్ జడ్3735ఎఫ్, 2 జీబీ ర్యామ్, 32 జీబీ ఈఎంఎంసీ (బోర్డు మీదే అతికించిన స్టోరేజీ).

విండోస్‌కు బదులు ల్యాప్‌టాప్‌లకు లైనక్స్ మింట్ 22 (లైనక్స్ అంటే ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్, మింట్ అందులో ఒక రకం), తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. దాని పునాది ఉబుంటు 24.04 అనే ఇంకో లైనక్స్ కాబట్టి 2029 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. పిల్లలు పదో తరగతి దాటేదాకా మళ్లీ ఎవరూ వీటిని కదపక్కర్లేదు. ట్యాబ్లెట్‌కు మాత్రం డెబియన్ 13, అదీ ఒక రకం లైనక్సే. అక్కడ ఏది ఉండాలో, ఏది వద్దో నేనే ఎంచుకోవాలి.

మొదలుపెట్టే ముందే మాస్టారికి ఒక మాట చెప్పాను. మన దగ్గర కంప్యూటర్ మొరాయిస్తే ముందు చేసేది ఫార్మాట్. వైఫై రాకపోయినా ఫార్మాటే, సౌండ్ రాకపోయినా ఫార్మాటే. లైనక్స్‌లో ఆ అవసరం చాలా అరుదు. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ తనకు ఏ చిప్ దొరికింది, ఏది దొరకలేదు, ఏ ఫైలు కావాలి అన్నదంతా బూట్ అవుతున్నప్పుడే రాసి పెడుతుంది. డీమెసేజ్ అనే కమాండ్ కొడితే అదంతా తెర మీదికొస్తుంది. అది చదవకుండా ఇక్కడ ఎవరూ ఏదీ రీఇన్‌స్టాల్ చేయకూడదు. మాస్టారికి ఈ నియమం బాగా నచ్చింది. “లెక్క తప్పొస్తే కాగితం చింపేయడం కాదు, ఎక్కడ తప్పిందో చూడమనేవాడిని నేనూ” అన్నారు.

శనివారం: ఉప్పుగాలి పని

సముద్రం ఈ గదికి కూతవేటు దూరం. ఇక్కడ గేటు బందులే ఏడాది తిరక్కుండా తుప్పు పడతాయి. అందుకని సాఫ్ట్‌వేర్ జోలికి పోకముందే ప్రతి మెషీన్ అడుగు మూతా విప్పాను. స్క్రూలు కొన్ని తలలు అరిగిపోయి ఉన్నాయి. స్క్రూడ్రైవర్ జారితే బలవంతం చేయకుండా, మధ్యలో సన్నటి రబ్బరు ముక్క పెట్టి తిప్పితే పట్టు దొరికింది.

నల్ల ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, తెర మీద ఏమీ లేదు. ర్యామ్ తీసి చూస్తే బంగారు రంగు కాంటాక్టులు మసకబారి, ఒక చివర ఆకుపచ్చ చార ఉంది. పిల్లల దగ్గరున్న తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిచ్చాను. ఇంకు చెరిపే గరుకు రబ్బరు వాడకూడదు. ఆ పూత చాలా పల్చన, ఒక్కసారి లేచిపోతే కాంటాక్టులు త్వరగా తుప్పు పడతాయి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నా పక్కనే కూర్చుని చూస్తోంది.

“అన్నయ్యా, రబ్బరుతో కూడా కంప్యూటర్ బాగవుతుందా?”

“కరెంటు పోయే దారికి తుప్పు అడ్డంపడితే బాగవుతుందమ్మా. అదే అడ్డమో కాదో ఇప్పుడు చూద్దాం.”

ర్యామ్ పెట్టి ఆన్ చేస్తే తెర వెలిగింది. అయినా అక్కడితో వదలకుండా మెమ్‌టెస్ట్86 ప్లస్ పెట్టి ఒక పూర్తి రౌండు నడిపించాను. ర్యామ్‌లో లోపం ఉంటే ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఫైళ్లు పాడై, ఆ తర్వాత వచ్చే ఎర్రర్లన్నీ సాఫ్ట్‌వేర్ ఎర్రర్లలా కనిపిస్తాయి. అప్పుడు తల పట్టుకోవడం కంటే ఇప్పుడు ఓపిక పట్టడం మేలు. ఎర్రర్లు ఏమీ రాలేదు.

దీనికే ఇంకో జబ్బు. ఆన్ చేసినప్పుడల్లా తేదీ, టైము సెట్ చేయమని ఆగుతోంది. సీమాస్ బ్యాటరీ (మెషీన్ ఆపినా గడియారాన్ని నడిపేది) అయిపోయింది. ఈ మోడల్‌లో సీఆర్2032 బిళ్లను ప్లాస్టిక్‌లో చుట్టి, రెండు సన్నటి వైర్ల కొసన చిన్న ప్లగ్ పెట్టారు. వైర్లున్నదే కావాలి. డాబాగార్డెన్స్ వైపు స్పేర్‌ పార్టుల షాపులో దొరికింది.

ఈ బిళ్ల చిన్నదే గానీ లైనక్స్‌లో పెట్టే చిక్కు పెద్దది. బయోస్‌లో తేదీ 2013 అని ఉంది. లైనక్స్‌లోకి వచ్చాక మాత్రం అంత పాత తేదీ కనిపించదు. గడియారం మరీ వెనకబడి ఉంటే, లైనక్స్‌ను మొదలుపెట్టే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాం దాన్ని తనలో రాసి ఉన్న తేదీ దాకా ముందుకు జరుపుతుంది. అందుకని తెర మీద ఏడాదో రెండేళ్లో పాత తేదీ కనిపిస్తుంది, చూడగానే అనుమానం రాదు. బ్రౌజర్ మాత్రం సైట్ల సర్టిఫికెట్లను నమ్మదు, సాఫ్ట్‌వేర్ జాబితాలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదని ప్యాకేజీ మేనేజర్ తిప్పికొడుతుంది. నెట్ దొరికి గడియారం సర్దుకుంటే సరే. మన గదికి నెట్ అంటే ఎవరో ఒకరి ఫోన్ హాట్‌స్పాట్, అది అన్ని వేళలా ఉండదు. బ్యాటరీ మార్చాక ఈ గొడవ లేదు.

స్టిక్కర్ల ల్యాప్‌టాప్ లోపలి బ్యాటరీ కాస్త ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను పైకి నెడుతోంది. దాన్ని తీసి పక్కన పెట్టాను. పిల్లలుండే గదిలో ఉబ్బిన లిథియం బ్యాటరీ ఒక్క రోజు కూడా ఉండకూడదు. ప్రస్తుతానికి అది ఛార్జర్ మీదే నడుస్తుంది.

వెండి రంగు దానికి ఏ రోగమూ లేదు. దుమ్ము దులిపి, మింట్ ఎక్కించి, మాస్టారి బల్ల మీద పెట్టేశాను.

అదే సాయంత్రం: హార్డ్‌డిస్క్ చెప్పిన కబురు

నల్ల ల్యాప్‌టాప్‌ను పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా బూట్ చేసి, మింట్ ఎక్కించే ముందు స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్క్ ఆరోగ్యం చూశాను. అందులో వచ్చే పెద్ద పట్టికలో నేను మొదట చూసేది రెండు వరసలు: రీఅలొకేటెడ్ సెక్టర్ కౌంట్, కరెంట్ పెండింగ్ సెక్టర్. మొదటిది డిస్క్ ఇప్పటికే వదులుకుని వేరే చోటికి మార్చిన భాగాల లెక్క. రెండోది చదవలేక, వదల్లేక పెండింగులో పెట్టిన భాగాల లెక్క. ఈ రెండోది సున్నా ఉండాలి. ఇక్కడ వంద దాటింది. డీమెసేజ్‌లోనూ ఎస్‌డీఏ డిస్క్‌లో ఫలానా సెక్టర్ దగ్గర ఐ/ఓ ఎర్రర్ అని వరసగా లైన్లు పడుతున్నాయి. ఈ డిస్క్ మీద ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా లాభం లేదు.

ఈ ల్యాప్‌టాప్ ఇచ్చినాయన షిప్‌యార్డులో పనిచేస్తారు. ఇచ్చేటప్పుడు “పెళ్లి ఫొటోలు అందులోనే ఉండిపోయాయి బాబూ, దొరికితే ఇవ్వండి” అన్నారు. చచ్చిపోతున్న డిస్క్ నుంచి ఫైళ్లను మామూలుగా కాపీ చేయబోతే, చెడ్డ సెక్టర్ దగ్గర అది పదే పదే గీరుకుని ఉన్న కాస్త ప్రాణం కూడా పోగొట్టుకుంటుంది. అలాంటప్పుడు డీడీరెస్క్యూ వాడాలి. ముందు బాగున్న భాగాలన్నీ చదివేస్తుంది, మొండికేసిన చోట్లను పక్కన పెట్టి చివర్లో మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటికి రానక్కర్లేదు. ఉబుంటు, డెబియన్లలో ప్యాకేజీ పేరు మాత్రం జీడీడీరెస్క్యూ, ముందు జీ ఉందని గుర్తుపెట్టుకోవాలి.

రాత్రంతా నడిచింది. కొన్ని సెక్టర్లు పోయినా ఫొటోల ఫోల్డర్ మొత్తం తెరుచుకుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. తర్వాత ఆ స్థానంలో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ బిగించి మింట్ ఎక్కించాను. 4వ తరం ఐ3 నెమ్మది అని అందరూ అనుకుంటారు గానీ, ఇన్నాళ్లూ నెమ్మదిగా ఉన్నది డిస్కే.

ఆదివారం: ఎర్ర మూత, వైఫై

మింట్ ఎక్కింది, వైఫై గుర్తు మాత్రం లేదు. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ను నంబర్లతో అడిగితే ఒక లైను దొరికింది: బ్రాడ్‌కామ్ బీసీఎం43142, ఐడీ 14ఈ4:4365. చిప్ పేరు కన్నా ఈ ఐడీ ముఖ్యం, పరిష్కారం వెతికేటప్పుడు దీనితోనే వెతకాలి. ఈ చిప్‌కు కెర్నెల్‌లోనే ఉండే డ్రైవర్ (చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) లేదు. బ్రాడ్‌కామ్ విడిగా ఇచ్చిన డ్రైవర్ కావాలి. అది తెచ్చుకోవాలంటే నెట్ కావాలి, నెట్‌కు వైఫై కావాలి.

దీనికి దారి జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లైనక్స్ దాన్ని వైరు నెట్ అనుకుంటుంది, ఏ డ్రైవరూ అడగదు. కొత్తగా లైనక్స్ వేసేవాళ్లు చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. డేటా పోయే కేబుల్ ఒకటి దగ్గరుంటే చాలు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు కూడా ఉంటాయి, వాటితో ఎంతసేపు కూర్చున్నా ఏమీ రాదు.

డ్రైవర్ మేనేజర్ బ్రాడ్‌కామ్ డ్రైవర్‌ను చూపించింది. ఇన్‌స్టాల్ చేస్తుంటే ఒక పాస్‌వర్డ్ అడిగింది, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉంది కాబట్టి. ఈ మెట్టు ఎందుకో తెలియక చాలామంది సెక్యూర్ బూట్‌నే ఆపేస్తారు. ఈ డ్రైవర్ మన మెషీన్‌లోనే తయారవుతుంది కాబట్టి దాని మీద మన మెషీన్ సంతకమే ఉంటుంది. ఆ సంతకాన్ని నమ్మవచ్చని ఫర్మ్‌వేర్‌కు (చిప్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్‌కు) ఒక్కసారి చెప్పాలి, అంతే. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వస్తుంది. పది సెకన్లలోపు ఏదో ఒక కీ నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే (మన కీని చేర్చడం) ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డ్ కొట్టాలి. పది సెకన్లు దాటితే ఏమీ జరగనట్టే బూట్ అయిపోతుంది, వైఫై రాదు. అందుకని మాస్టారిని మెషీన్ ముందు కూర్చోబెట్టి, ఆ కీ ఆయన చేతే నొక్కించాను. గుర్తు వెలిగింది, గదిలో వాళ్ల ఫోన్ల పేర్లన్నీ వరసగా కనిపించాయి.

ఒక జాగ్రత్త రాసి పెడుతున్నాను. ఆ కంపెనీ ఈ డ్రైవర్‌కు ఇచ్చిన ఆఖరి వెర్షన్ 6.30.223.271, 2015 నాటిది. అప్పటినుంచి కొత్త కెర్నెళ్లకు సరిపడేలా దాన్ని అతుకులేస్తూ వస్తున్నది ఉబుంటు, డెబియన్ లాంటి లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ల వాళ్లే. కాబట్టి ఈ ఒక్క మెషీన్‌లో మింట్ 22తో వచ్చిన 6.8 కెర్నెల్‌నే ఉంచాను, అప్‌డేట్ మేనేజర్‌లో కొత్త వరస కెర్నెల్‌కు మారనివ్వలేదు. రేపెప్పుడైనా ఇది కూడా ఇబ్బంది పెడితే, కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉన్న చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెట్టేస్తాను.

స్టిక్కర్ల ల్యాప్‌టాప్ సంగతి వేరు. రియల్‌టెక్ 8723బీఈ, డ్రైవర్ ఉంది, పనిచేస్తోంది, సిగ్నలే లేదు. ఈ చిప్‌కు రెండు యాంటెనా పిన్నులు ఉంటాయి, కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఒకదానికే వైరు పెడతారు. డ్రైవర్ వైరు లేని పిన్ను వైపు చూస్తుంటే ఇలాగే ఉంటుంది. మాడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలు పెట్టి, ఆర్‌టీఎల్8723బీఈ మాడ్యూల్‌కు యాంట్_సెల్ విలువ 2 అని ఒక్క లైను రాశాను. ఐడబ్ల్యూ కమాండ్‌లో సిగ్నల్ మైనస్ 80 దాటి ఉన్నది మైనస్ 50 దగ్గరికి వచ్చింది. డీబీఎం లెక్కలో సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ. 2తో రాకపోతే 1 పెట్టి చూడాలి.

ట్యాబ్లెట్

దీని గురించి తీరిగ్గా రాయాలి.

మొదటి చిక్కు కరెంటు. ఉన్నది ఒకే ఒక మైక్రో యూఎస్‌బీ. ఛార్జింగూ దానికే, పెన్‌డ్రైవూ దానికే. ఓటీజీ కేబుల్‌తో హబ్ తగిలించి, హబ్‌కు కీబోర్డు, పెన్‌డ్రైవ్ పెట్టాక ఛార్జింగ్‌కు దారి ఉండదు. అందుకని పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నిండా ఉండాలి. లోపలి విండోస్‌ను చెరిపే ముందు దాని డ్రైవర్ల ఫోల్డర్‌ను మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకున్నాను. చవక ట్యాబ్లెట్లలో కొన్ని చిప్‌లకు కావలసిన ఫర్మ్‌వేర్ ఆ ఫోల్డర్‌లో తప్ప ఇంకెక్కడా దొరకదు.

రెండో చిక్కు పేరున్నది. జడ్3735ఎఫ్ 64 బిట్ ప్రాసెసరే, కానీ ట్యాబ్లెట్‌ను మొదలుపెట్టే యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ 32 బిట్. ఆ తరం ట్యాబ్లెట్లు చాలా వాటిని ఇలాగే తయారుచేశారు. ఫర్మ్‌వేర్ 32 బిట్ అయితే బూట్ లోడర్ (సిస్టమ్‌ను లేపే ప్రోగ్రాం) కూడా 32 బిట్‌దే కావాలి. పెన్‌డ్రైవ్‌లోని ఈఎఫ్‌ఐ ఫోల్డర్ లోపల, బూట్ ఫోల్డర్‌లో బూట్‌ఎక్స్64 ఫైలు ఒక్కటే ఉంటే ట్యాబ్లెట్‌కు ఆ పెన్‌డ్రైవ్ ఉన్నట్టే తెలియదు. జాబితాలో పేరే రాదు. చాలామంది ఇక్కడ పెన్‌డ్రైవ్ పోయిందనుకుని ఇంకోటి కొంటారు. పక్కనే బూట్‌ఐఏ32 అనే ఫైలు ఉండాలి. అది ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టగానే జాబితాలోకి వచ్చింది.

డెబియన్ ఇన్‌స్టాలర్‌లోకి వెళ్లాక రెండో కన్సోల్ తెరిచి, సిస్, ఫర్మ్‌వేర్, ఈఎఫ్‌ఐ ఫోల్డర్లు దాటి అక్కడున్న ఎఫ్‌డబ్ల్యూ_ప్లాట్‌ఫామ్_సైజ్ అనే ఫైలు చదివాను. అందులో ఉన్నదల్లా ఒక్క అంకె: 32. ఆ అమ్మాయికి చూపించాను. ట్యాబ్లెట్ కంపెనీ పెట్టె మీద రాయని సంగతి కెర్నెల్ ఒక్క అంకెలో చెప్పేసింది. దీని అర్థం ఇన్‌స్టాల్ అయ్యే గ్రబ్ అనే బూట్ లోడర్ కూడా గ్రబ్ ఈఎఫ్‌ఐ ఐఏ32 అయి ఉండాలి, పైన నడిచే సిస్టమ్ మాత్రం 64 బిట్‌దే. అలాగే అయింది.

వైఫై రియల్‌టెక్ 8723బీఎస్. కెర్నెల్ 4.12 వెర్షన్ నుంచి దీని డ్రైవర్ అందులోనే ఉంది. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్లు కూడా ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు. పెట్టగానే పట్టింది.

టచ్ పనిచేయలేదు. డీమెసేజ్‌లో టచ్ చిప్ కంపెనీ పేరు సైలీడ్ అని వెతికితే ఒకే ఒక లైను: సైలీడ్ ఫోల్డర్‌లోని ఫలానా ఫర్మ్‌వేర్ ఫైలు లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2. మైనస్ 2 అంటే ఫైలు లేదు అని, ఇంకేమీ కాదు. ఆ లైనులో ఇంకో మంచి కబురు కూడా ఉంది. అడుగుతున్న ఫైలు పేరులో మా ట్యాబ్లెట్ మోడల్ పేరే ఉంది. అంటే కెర్నెల్‌లో ఉండే టచ్‌స్క్రీన్ల జాబితాలో దీని పేరు ఇప్పటికే ఎక్కింది, తెర వెడల్పు ఎంత, ఏ అంచు ఎటు అన్న లెక్కలు అక్కడ ఉన్నాయి. కావలసింది ఫైలు ఒక్కటే. ఈ తరం ఆటమ్ ట్యాబ్లెట్ల కోసం ఏళ్ల తరబడి పనిచేసిన హాన్స్ డి గోడే లాంటి డెవలపర్లకు మనం ఎంతో రుణపడి ఉన్నాం. ఎవరో ఎక్కడో పారేయబోయిన ట్యాబ్లెట్‌ను కూర్చుని కొలిచి ఆ జాబితాలో చేర్చారు కాబట్టే ఇక్కడ పిల్లల వేళ్లు ఆ తెర మీద తిరుగుతున్నాయి.

విండోస్ డ్రైవర్ల ఫోల్డర్ ఇక్కడ అక్కరకొచ్చింది. అందులోని సైలీడ్ ఫర్మ్‌వేర్‌ను లైనక్స్ డ్రైవర్ చదివే రూపంలోకి మార్చే టూల్ ఒకటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర ఉంది. మార్చి, కెర్నెల్ అడిగిన పేరే పెట్టి, లిబ్ ఫర్మ్‌వేర్ కింద సైలీడ్ ఫోల్డర్‌లో వేసి రీస్టార్ట్ చేశాను. వేలు పెడితే బాణం కదిలింది.

కదిలింది గానీ అడ్డంగా. ఈ ట్యాబ్లెట్ ప్యానెల్‌ను నిలువు తెరగా బిగించారు, అడ్డంగా పట్టుకుంటే అంతా పక్కకు ఒరిగి ఉంటుంది. ఎక్స్‌రాండర్ కమాండ్‌తో తెరను కుడివైపు తిప్పితే బొమ్మ సరైంది. టచ్ మాత్రం పాత దిక్కులోనే ఉండిపోయింది: పైకి గీస్తే పక్కకు పోతోంది. తెర, టచ్ రెండూ వేర్వేరు పరికరాలు, ఒకటి తిరిగిన సంగతి రెండోదానికి ఎవరైనా చెప్పాలి. ఎక్స్‌ఇన్‌పుట్ కమాండ్‌లో కోఆర్డినేట్ ట్రాన్స్‌ఫర్మేషన్ మ్యాట్రిక్స్ అని ఒక అమరిక ఉంది. కుడివైపు తిప్పిన తెరకు దాని విలువలు 0 1 0, -1 0 1, 0 0 1.

ఇది మాస్టారికి చూపించగానే ఆయన మొహం వెలిగిపోయింది. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద మూడు అడ్డు వరసల మాత్రిక వేశారు. ఎక్స్, వై, 1 అనే నిలువు వరసతో గుణించి, కొత్త ఎక్స్ అంటే పాత వై, కొత్త వై అంటే ఒకటిలోంచి పాత ఎక్స్ తీసేసినంత అని రాబట్టారు. తర్వాత పిల్లల చేత తెర నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా లెక్క కట్టించి, వేలితో నొక్కి సరిచూపించారు. ఇంటర్ పిల్లలు మాత్రికల గుణకారం ఎందుకో తెలియకుండా చేసేస్తుంటారు. ఇక్కడ తొమ్మిదో తరగతి వాళ్లకే అది దేనికో తెలిసింది. నేను ఆ సాయంత్రం ఇంకేమీ ఇన్‌స్టాల్ చేయలేదు, ఆ పాఠం అయ్యేదాకా కూర్చున్నాను.

వీడియో పెడితే బిగుసుకుపోవడం

అంతా అయిందనుకున్నాక అసలు పరీక్ష. ట్యాబ్లెట్‌లో పాఠం వీడియో పెడితే కాసేపటికి బొమ్మ ఆగిపోతోంది. టచ్ లేదు, కీబోర్డులో క్యాప్స్ లాక్ దీపం కూడా మారదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సిందే. మళ్లీ ఆన్ చేసి, జర్నల్‌సీటీఎల్‌లో వెనకటి బూట్ లాగ్ తీశాను. ఎర్రర్ ఏదీ లేదు. మామూలు లైన్లు వస్తూ వస్తూ ఒకచోట తెగిపోయాయి. ర్యామ్ నిండిపోయి ఉంటే ఆ సంగతి రాసి ఉండేది, డ్రైవర్ కూలి ఉంటే ఆ జాడ ఉండేది. ఒక్క ముక్క కూడా రాసే వ్యవధి లేకుండా ప్రాసెసరే ఆగిందంటే బే ట్రెయిల్ చిప్‌లకు (ఈ ఆటమ్ ఆ తరందే) పేరుపడ్డ జబ్బు మీదే అనుమానం.

ప్రాసెసర్ పని లేనప్పుడు కరెంటు పొదుపు కోసం మెట్లు మెట్లుగా నిద్రలోకి జారుతుంది. వాటిని సీ-స్టేట్లు అంటారు. బే ట్రెయిల్‌లో లోతు మెట్టు నుంచి లేచేటప్పుడు మెషీన్ బిగుసుకుపోవడం మీద కెర్నెల్ లోపాలు నమోదుచేసే బగ్‌జిల్లా సైట్‌లో 109051 నంబరుతో చాలా పొడవైన చర్చ ఉంది. తర్వాత వచ్చిన కెర్నెళ్లలో ఎన్నో మెషీన్లకు తగ్గింది. మా దానికి తగ్గలేదు. గ్రబ్ అమరికల్లో, కెర్నెల్‌కు ఇచ్చే లైనులో ఇంటెల్_ఐడిల్.మాక్స్_సీస్టేట్=1 అని చేర్చి, అప్‌డేట్ గ్రబ్ కొట్టాను. అంటే మొదటి మెట్టు దాటి నిద్రపోవద్దని చెప్పడం. అప్పటినుంచి పాఠాలు ఏకబిగిన నడుస్తున్నాయి. బ్యాటరీ మాత్రం ఇదివరకటికన్నా త్వరగా దిగుతుంది. గదిలో ప్లగ్ పక్కనే ఉంటుంది కాబట్టి ఈ బేరం నాకు సమ్మతమే.

2 జీబీ ర్యామ్‌కు జడ్‌ర్యామ్ పెట్టాను. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి స్వాప్‌లా (ర్యామ్ చాలనప్పుడు మామూలుగా డిస్క్ మీద వాడే చోటులా) వాడుతుంది, ఈఎంఎంసీ అరగదు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు దాటొద్దని పిల్లలకు చెప్పాను. సౌండ్ మొదట్నుంచీ వచ్చింది. కెమెరాలు రావు, ఈ తరం ఆటమ్ కెమెరా భాగానికి లైనక్స్ మద్దతు ఇంకా కుదురుకోలేదు. చదువుల గదికి కెమెరాతో పనీ లేదు.

తెలుగు

లైనక్స్‌లో తెలుగు చూపించడం ఇప్పుడు సమస్యే కాదు. అయినా ప్రతి మెషీన్‌లో స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, రాష్ట్రం అని కొట్టి చూస్తాను. ఒత్తులు విడిపోయి పక్కన పడితే ఫాంట్ లేనట్టు. నోటో ఫాంట్లు సరిపోతాయి. మాస్టారికి పోతన కావాలి, దానికి ఫాంట్స్ తెలు ఎక్స్‌ట్రా ప్యాకేజీ వేశాను, వేమన కూడా దాంతోనే వస్తుంది. టైపింగ్‌కు ఐబస్‌లో ఎం17ఎన్ ద్వారా రెండు పెట్టాను: ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడానికి అలవాటుపడ్డ పిల్లలకు ఆర్‌టీఎస్ వెంటనే వచ్చేస్తుంది. కానీ పదో తరగతి వాళ్లను ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమని పోరుతున్నాను. పలుకుబడిని ఇంగ్లీషులోకి మార్చి, మళ్లీ తెలుగులోకి తెచ్చే తిప్పలు ఎందుకు? క మీద వేలు పెడితే క రావాలి.

చిక్కొచ్చింది మాస్టారి పాత ప్రశ్నపత్రాలతో. అవన్నీ ఏళ్ల క్రితం డీటీపీ సెంటర్లో, యూనికోడ్ కాని ఫాంట్లతో కొట్టించినవి. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు పాడవలేదు, తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచారంతే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌తో ఒక్కొక్కటీ మార్చి, లిబ్రేఆఫీస్‌లో పిల్లలే ఒత్తులు సరిచూస్తున్నారు.

నెట్ లేని పూటల కోసం కివిక్స్ వేసి, తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దించి పెట్టాను. ట్యాబ్లెట్‌లో అది మెమరీ కార్డులో ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువగా తెరుచుకునేది ఇప్పుడు అదే.

ఇంకో ట్యాబ్లెట్

ఈ సంగతి విని, పేటలో ఒకామె తన కొడుకు ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్ పట్టుకొచ్చింది. “తమ్ముడూ, దీన్లోనూ అదే ఎక్కించీవా?” అంది.

ఎక్కదని చెప్పాల్సి వచ్చింది, ఎందుకో కూడా చెప్పాను. ఇంటెల్ ట్యాబ్లెట్‌లో ఏ చిప్ ఎక్కడుందో ఫర్మ్‌వేరే సిస్టమ్‌కు చెబుతుంది, ఒకే పెన్‌డ్రైవ్ ఎన్నిటికో పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లలో ఉండే ఏఆర్ఎం చిప్‌లకు మామూలుగా అలా చెప్పేవాళ్లు ఉండరు. ప్రతి మోడల్‌కూ డివైస్ ట్రీ అనే వివరాల ఫైలు ఎవరో ఒకరు రాయాలి, బూట్ లోడర్ తాళం కూడా తెరుచుకోవాలి. 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వాళ్లు చేస్తున్నది ఆ పనే. వాళ్ల జాబితాలో ఈ మోడల్ లేదు.

“అయితే ఇది పనికిరాదా?”

“బాగా పనికొస్తుందక్కా. ఉన్నదాన్ని చెరపకుండానే నేర్చుకోవచ్చు.”

టెర్మక్స్ అనే ఆప్ వేసిచ్చాను. ఆండ్రాయిడ్ అలాగే ఉంటుంది, లోపల లైనక్స్ కమాండ్లు, పైథాన్ నడుస్తాయి. వాళ్లబ్బాయి ఎనిమిదో తరగతి. ఎక్కాల పట్టిక వేసే చిన్న ప్రోగ్రాం అక్కడే కూర్చుని రాసుకుని మరీ వెళ్లాడు.

ఇంకా మిగిలినవి

స్టిక్కర్ల ల్యాప్‌టాప్‌కు కొత్త బ్యాటరీ. వచ్చాక కూడా రాత్రుళ్లు ఛార్జర్ తీసేయాలి. ఎర్ర మూత దాని కుడి యూఎస్‌బీ పోర్టు లోపల పచ్చటి చిలుము పట్టింది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చూడాలి, పోకపోతే ఆ పోర్టు మూసేయాలి. ట్యాబ్లెట్ టచ్ ఫర్మ్‌వేర్ కాపీ ఇంకో రెండు చోట్ల భద్రం చేయాలి. తెర తిప్పే లైను, మ్యాట్రిక్స్ లైను లాగిన్ అవగానే వాటంతటవే నడిచేలా పెట్టాను. డెబియన్ కెర్నెల్ కొత్తది వచ్చినప్పుడు సీ-స్టేట్ లైను తీసేసి ఒకసారి వీడియో పెట్టి చూడాలి, బ్యాటరీ కలిసొస్తుందేమో.

ప్రతి మెషీన్ కింద ఒక కాగితం అంటించాం: చిప్‌ల ఐడీలు, మార్చిన అమరికలు, తేదీ. రాసింది ఆ తొమ్మిదో తరగతి అమ్మాయే. నిన్న వెండి రంగు దానిలో సౌండ్ రాలేదని నాకు ఫోన్ చేసి, “అన్నయ్యా, డీమెసేజ్ చూశాను, అందులో ఎర్రర్ ఏమీ లేదు. సౌండ్ సెట్టింగుల్లో చూస్తే హెచ్‌డీఎంఐకి పోతోంది, మార్చేశాను, వచ్చింది” అని చెప్పి పెట్టేసింది. కాగితంలో అది కూడా రాయమని మెసేజ్ పెట్టాను.